టచ్ తీసుకోండి సార్

పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు లేపగానే నాగరాణి చేసే మొదటి పని తెరలు తుడవడం. జహీరాబాద్ మెయిన్ రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి బొంబాయి దిక్కు పోతూనే ఉంటాయి. వాటి దుమ్ము షట్టరు సందులోంచి దూరి, వరసగా పెట్టిన పద్నాలుగు లాప్‌టాప్‌ల మీదా పక్షపాతం లేకుండా పడి ఉంటుంది. మెత్తటి గుడ్డతో ఒక్కోటి తుడిచి, ఏటవాలుగా వెలుతురుకు పెట్టి చూస్తుంది. మామూలు తెరయితే వెలుతురు దానిలో ఇంకిపోయినట్టు ఆగిపోతుంది. గాజు పరిచిన టచ్ తెరయితే రోడ్డు, రోడ్డు మీది ట్రాక్టరు, ట్రాక్టరులోని చెరకు, అన్నీ అందులో కనబడతాయి. ఏది ప్లాస్టిక్ తెరో, ఏది గాజు తెరో కళ్ళు మూసుకుని గోటితో తట్టి చెప్పగలదు. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. డిగ్రీ నడుమ ఆగిపోయాక, చెడిపోయిన లాప్‌టాప్‌లు విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన స్క్రూలు చూసి ఏడ్చి, నేర్చుకుంది.

షాపు హనుమంతరావుది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఉన్న బావమరిదిని చూడడానికి తెనాలి నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా ఇంకా వెళ్ళని మనిషి. "ఇదిగో అమ్మాయ్, నువ్వు నా షాపులో పనిచేస్తున్నావా, కొనేవాళ్ళ ఇంట్లో పనిచేస్తున్నావా?" అని వారానికోసారి అడుగుతాడు. అడగడానికి కారణం టచ్.

ఆ శనివారం కూడా అదే జరిగింది. కోహీర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది.

"టచ్‌ది తీసుకుంటే నయమా బిడ్డా? మా తోటికోడలు అదే కొన్నది."

"మూడు మాటలు అడుగుత మేడం. బొమ్మలు గీస్తరా?"

"నాకేడ వస్తదమ్మా."

"తెర ఎనకకు మడిచి పలక లెక్క పట్టుకుంటరా?"

"ఎందుకు మడుస్త? ఇరుగుతది."

"ఫోన్ల పుట్టి ఫోన్ల పెరిగిన పిల్లలు ఎవరన్న వాడుతరా?"

"నేనే వాడేది."

"మరి వద్దు. బరువెక్కువ, ఛార్జింగ్ జల్ది అయిపోతది, ట్యూబులైటు కింద కూసుంటే మీ మొకమే మీకు కనవడతది. ఆ పైసలకు ర్యామ్ పెంచుకోండి. మీ తోటికోడలుకు మాత్రం చెప్పకండి."

హనుమంతరావు నుదురు కొట్టుకున్నాడు. అయినా ఆపలేదు, ఎందుకంటే ఆ మూడు ప్రశ్నల కోసమే జనం బీదర్ దిక్కు పోకుండా ఈ షాపుకు వస్తారని ఆయనకు తెలుసు. నాగరాణి వద్దంటే వద్దు, కావాలంటే కావాలి. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాటను ఒక్కసారి కూడా వంకర తిప్పలేదు.

టీచరమ్మ దిగుతుండగా మెట్ల ముందర బుల్లెట్ బండి ఆగింది. అద్దాలు పీకేసిన బండి. హనుమంతరావు చప్పున పాత పేపరు తీసి గాజు కౌంటరు మీద పరిచాడు. రామ్‌కిషన్ ఇంటి మగవాళ్ళు వస్తే ఊళ్ళో ఏ షాపులోనైనా అలాగే పరుస్తారు.

వాళ్ళకు గాజు పడదు. కొందరికి వంకాయ పడనట్టు. వాళ్ళ వేలు గాజుకు తగిలితే, ఆ చెయ్యి దాచిపెట్టిన పని గాజు మీద ఆవిరి అక్షరాలతో తేలుతుంది. అదీ ఆ చేతి రాతలోనే, చలికాలం పొద్దున కిటికీ మీద ఎవరో రాసినట్టు. రామ్‌కిషన్ తాత ఒకసారి కందిలి చిమ్నీ పట్టుకుంటే, ఎవరి చేను గట్టు రాయి ఎన్ని అడుగులు జరిపాడో లెక్కతో సహా వచ్చింది. తండ్రి న్యాల్‌కల్ బస్సులో కునుకు తీస్తూ కిటికీకి చెయ్యి ఆనించాడు. వెనక నాలుగు సీట్ల వాళ్ళు తీరిగ్గా చదివారు, చివరి సీటాయన చదవడం రాక పక్కవాడితో చదివించుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో చాయ స్టీలు గ్లాసులోనే. రామ్‌కిషన్ కళ్ళజోడుకు ప్లాస్టిక్ అద్దాలు, చేతిలో బటన్ల ఫోను, భార్య చేతులకు రోల్డ్ గోల్డు. దువ్వుకునే అద్దం ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటుంది.

మనిషి మాత్రం హుషారు. పారిశ్రామికవాడలో ట్రాక్టరు విడిభాగాలు ఒత్తే షెడ్డు నడుపుతాడు. నాగరాణిని చూశాడు కానీ ఆమె ముఖం చూడలేదు.

"నువ్వేనా ఆ ఉన్నదున్నట్టు చెప్పే పిల్లవు? మా లెక్కలాయన చెప్పిండు, మొగమాటం లేని పిల్లంట."

నాగరాణి తల ఊపింది. ఆమె చేతిలో గుడ్డ తడి లేకుండానే బరువెక్కింది.

ఎనిమిది నెలల కింద ఈ మనిషి వాళ్ళింటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, తల్లి మణెమ్మ ఇచ్చిన స్టీలు చెంబుడు నీళ్ళు తాగి, "మీ ఆయన తాగి మిషన్ల చెయ్యి పెట్టిండు, నేనేం చేస్త?" అని వెళ్ళాడు. లోపల మంచం మీద తండ్రి ఎంకయ్య, కుడిచేతికి నాలుగు వేళ్ళు లేకుండా, కట్టు కట్టించుకుని ఆ మాట విన్నాడు. ఇరవై రెండేళ్ళు ప్రెస్సు మిషన్ల మీద బతికిన మనిషి. పండక్కి కల్లు కూడా ముట్టనివాడు. మిషన్‌కు అడ్డంగా ఉండే ఇనుప జాలి తీసేస్తే పని జోరుగా అవుతుందని యజమాని రామ్‌కిషనే విప్పేశాడనీ, తాను వద్దన్నాననీ ఎంకయ్య చెప్పాడు. మిషన్ కింద క్వార్టరు సీసా దొరికిందని రామ్‌కిషన్ చెప్పాడు. చూసినవాళ్ళెవరూ చూశామని చెప్పలేదు. తాగుబోతన్న పేరు ఎంకయ్య కంటే ముందు నడిచి ప్రతి షెడ్డు గేటు దగ్గరా కూర్చుంది. కాపలా పనికి కూడా ఎవరూ రానివ్వలేదు. నష్టపరిహారం కోసం కార్మిక శాఖలో పెట్టుకున్న అర్జీ ఒక్కటే మిగిలింది.

నాగరాణి అప్పటి నుంచి రోజూ ఒక వాక్యం తయారుచేస్తోంది. రామ్‌కిషన్ ముఖం మీద అనాల్సిన వాక్యం. రోజూ తెరలు తుడుస్తూ దానికి పదును పెడుతుంది. ఇప్పుడు ఆ ముఖం రెండడుగుల దూరంలో ఉంది, అయినా ఆమె నోరు తెరవలేదు.

రామ్‌కిషన్ తన పాత లాప్‌టాప్ పేపరు మీద పెట్టి తెరిచాడు. "పుణెల మా సరుకు కొనే పార్టీ ఉన్నడు. డ్రాయింగులన్నీ గిట్ల వేలితోని జరుపుతడు, గిట్ల పెద్దగ చేస్తడు. చూస్తే నాకు గూడ షోకయింది." అంటూ తెర మీద వేలు పెట్టి బరబరా గీశాడు.

హనుమంతరావు కుర్చీలో ముందుకు వంగాడు. నాగరాణి తెరను ఏటవాలుగా చూసింది. తెర మీద జిడ్డు గీతలు తప్ప ఏమీ రాలేదు.

"గట్ల భయపడకుండ్రి," రామ్‌కిషన్ పెద్దగా నవ్వాడు. "ఆరేండ్ల సంది ముడుతున్న. ఏం రాదు. కంప్యూటర్‌కు మా ఇంటి సంగతేం ఎరుక? అది మిషన్."

రాదు మరి. ఆ పాతదాని తెర ప్లాస్టిక్. ఆ సంగతి ఆ షాపులో నిలబడ్డ ముగ్గురిలో ఒక్క నాగరాణికే తెలుసు. హనుమంతరావు లాప్‌టాప్‌లు అమ్ముతాడు కానీ గోటితో తట్టి చూడడు.

ఇంతలో రామ్‌కిషన్ బటన్ల ఫోను మోగింది. "ఆఁ, చెప్పు. గురువారమే, సంగారెడ్డిల. రెండు గంటలకు... అరే, ఏం ఫికర్ లేదు. ఫోటోలున్నయి గద, జాలి ఉన్నట్టు. చూపెడుత. ఆ ఎంకయ్యకు నోరేడిది, ఆఫీసర్ ముంగట నిలవడితే లాగు తడుపుకుంటడు." ఫోను జేబులో వేసుకుని, "ఆఁ, చెప్పు బిడ్డా. టచ్ కావాల్నా, వద్దా?" అన్నాడు.

నాగరాణి మూడు ప్రశ్నలూ అడిగింది. బొమ్మలు గీయడు. మడవడు. పిల్లలు ముట్టరు. మూడింటికీ వద్దు. హనుమంతరావు అప్పటికే లేచి తక్కువ రకం డబ్బా కోసం మెట్లెక్కబోతున్నాడు.

"టచ్ తీసుకోండి సార్," అంది నాగరాణి.

హనుమంతరావు మెట్టు మీద ఆగిపోయాడు.

"మీ పుణె పార్టీ ముంగట వేలితోని జరిపితే ఆ ఇజ్జతే వేరు. ఆఫీసర్ల ముంగట గూడ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తియ్యగా ఉంది.

"అదీ మాట! గురువారం పొద్దుగాల్నే కావాలె మల్ల. ఆడ ఫోటోలు దీన్లనే చూపిస్త."

"హైదరాబాద్ నుంచి తెప్పిస్త సార్. పదింటికల్ల మీ చేతుల పెడుత."

ఆయన వెళ్ళాక హనుమంతరావు ఆమె వైపు తిరిగాడు. "మూడిటికీ కాదన్నాడు గదమ్మా. మరి తీసుకోమన్నావేంటి?"

"మీరే గద సార్, నన్ను షాపు తరఫున మాట్లాడమన్నది," అని తెర మీది వేలిముద్రలు తుడవడం మొదలుపెట్టింది నాగరాణి.

సాయంత్రం ఇంటికి పోయేసరికి మణెమ్మ వాకిట్లో కూర్చుని రెండు చేతులూ చన్నీళ్ళ బకెట్లో ముంచి ఉంది. పొద్దంతా అల్లం కడిగిన చేతులు, మోచేతుల దాకా మంట. ఎంకయ్య గోడకు ఆనుకుని, ఎడమచేత్తో నోట్‌బుక్కులో తన సంతకం దిద్దుకుంటున్నాడు. గురువారం ఆఫీసులో వేలిముద్ర వెయ్యనని పంతం పట్టాడు. రెండు వారాలుగా రాస్తున్నా 'క' మీది తలకట్టు పక్కకే పోతోంది.

నాగరాణి జరిగిందంతా చెప్పింది. మణెమ్మ బకెట్లోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టింది. నీళ్ళు నోట్‌బుక్కు మీద పడ్డాయి.

"నా తల్లి! నా కడుపు సల్లగ చేసినవ్!"

ఎంకయ్య మాత్రం రాయడం ఆపలేదు. "గాజని చెప్పినవా ఆయనకు?"

"అడగలే నాయినా."

"అడగకుంటె చెప్పవా?"

"ఓ, ఈయనొక్కడు!" మణెమ్మ లేచింది. "వాడు నీకు చెప్పి చేసిండా? నువ్వు చెప్పినవంటె రాణీ, ఇంట్ల అన్నం పెట్ట."

"నేను చెప్పిన వాడికి," ఎంకయ్య పెన్ను కింద పెట్టాడు. "జాలి లేకుంట వద్దు సారూ, చెయ్యి పోతదని మూడు దఫాలు చెప్పిన. సరే సరే, నడిపియ్యి అన్నడు. నేను చెప్పిన్నన్న మాటొక్కటే నా కాడ ఉన్నది గిప్పుడు. నువ్వు గూడ ఒక్కసారి చెప్పు. మెల్లగ చెప్పు, ఒక్కసారే చెప్పు. ఇనకపోతే గప్పుడు అది వాని చేతిరాత."

మణెమ్మ ఆలోచించింది. "మెల్లగ అంటె ఎంత మెల్లగ?"

ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఎంకయ్య పళ్ళు కనబడ్డాయి. "ఇనవడేంత మెల్లగ."

గురువారం తొమ్మిది యాభైకి డబ్బా వచ్చింది. పదింటికి రామ్‌కిషన్ వచ్చాడు, ఈసారి కారులో, ఇస్త్రీ చొక్కాలో. హనుమంతరావు పేపరు పరిచాడు. నాగరాణి లాప్‌టాప్ బయటికి తీసి, పాతదానిలోని ఫోటోలు కొత్తదానిలోకి ఎక్కించింది. ఎక్కుతుంటే ఒక్కో ఫోటో కళ్ళముందు నుంచి పోయింది: మూడో నంబరు ప్రెస్సు, దాని ముందు కొత్త బోల్టులతో మెరుస్తున్న జాలి, మిషన్ కింద సీసా.

రామ్‌కిషన్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"సార్," అంది నాగరాణి, వినబడేంత మెల్లగా. "ఇది గాజు. మీ పాతది ప్లాస్టిక్, అందుకే ఏం రాలే. ఇది వేలితోని ముట్టేటప్పుడు జర చూసుకోండి."

ఆయన ఫోను చెవి నుంచి తియ్యకుండానే అరచెయ్యి ఎత్తాడు. "ఆఁ, సరే సరే."

రెండోసారి చెప్పమని తండ్రి అనలేదు.

తెర మీద ఫ్యాక్టరీ వాళ్ళు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. చాలామంది దాన్ని నెలల తరబడి అలాగే ఉంచుకుంటారు, బుడగలు లేచేదాకా. "పొర ఉంచాల్నా, పీకాల్నా సార్?"

దానికి మాత్రం ఆయన ఫోను పక్కకు తీశాడు. "పీకెయ్, పీకెయ్. కొత్తది కొత్తలెక్క మెరవాలె."

ఆమె మూల గోటితో లేపి, పొరను ఒక్క లాగున లాగింది. చిరచిరమని చప్పుడు. లోపలి గాజులో రామ్‌కిషన్ ముఖం నిండుగా కనబడింది. ఆమెకు ఆ చప్పుడు ఎంత బాగుందంటే, ఇంకో పొర ఉంటే బాగుండుననిపించింది.

"సార్, ఒక్కపూట సెలవు కావాలె," అని హనుమంతరావును అడిగి, బస్టాండుకు పరుగెత్తింది. ఎంకయ్య ఇస్త్రీ లేని తెల్ల చొక్కా తొడుక్కుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, సంగారెడ్డి బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

కార్మిక శాఖ ఆఫీసులో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. ఆఫీసరు పేరు శారద. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో తలెత్తని మనిషి. పక్కన ఒక గుమస్తా. బల్లకు ఒక పక్క ఎంకయ్య, నాగరాణి. ఇంకో పక్క రామ్‌కిషన్. ఆయన నాగరాణిని చూసి కనుబొమలు ముడిచాడు.

"నువ్వు... లాప్‌టాప్ పిల్లవు గద? నువ్వేంది ఈడ?"

"మా నాయినతోని వచ్చిన సార్."

ఆయన ముఖంలో ఏదో కదిలింది కానీ నిలవలేదు. పని ఉన్న మనిషి, దేన్నీ రెండు క్షణాలకు మించి పట్టించుకోడు. లాప్‌టాప్ తెరిచి ఆఫీసరు వైపు తిప్పాడు. "చూడుండ్రి మేడం. జాలి ఉన్నది. సీసా ఉన్నది. తాగి, జాలి సందుల నుంచి చెయ్యి దూర్చిండు. మేమేం చేస్తం?"

"ఫోటో మీద తేదీ చిన్నగా ఉంది," అంది శారద మేడం. "పెద్దది చేయండి."

రామ్‌కిషన్‌కు ఆ మాట కోసమే లాప్‌టాప్ కొన్నంత సంతోషమైంది. చొక్కా చెయ్యి పైకి జరుపుకుని, బొటనవేలు, చూపుడువేలు కలిపి, పుణె పార్టీ చేసినట్టే తెర మీద ఆనించి ఎడంగా జరిపాడు.

ఫోటో పెద్దదయింది. దాని మీద, రెండు వేళ్ళ నడుమ నుంచి, తెల్లటి ఆవిరి అక్షరాలు ఎడమకు వాలుతూ నడవసాగాయి.

'మూడో నంబరు ప్రెస్సు జాలి నాలుగు బోల్టులు నేనే ఇప్పిన. పొద్దుగాల పదిన్నర. ఎంకయ్య వద్దన్నడు.'

"రాసుకోండి," అంది శారద మేడం గుమస్తాతో. గుమస్తా రాసుకున్నాడు. 'పదిన్నర' దగ్గర ఆగి, "పొద్దుననా?" అని అడిగి, మళ్ళీ తెర చూసి, సరిచేసుకున్నాడు.

రామ్‌కిషన్ గబుక్కున అరచేత్తో తుడిచాడు. వేళ్ళు రెండు చేసిన పనులకంటే అరచెయ్యి చేసిన పనులు ఎక్కువ.

'చెయ్యి తెగినంక జాలి మల్ల బిగించి ఫోటో తీసిన. సీసా రుమాలుతోని పట్టి మిషన్ కింద పెట్టిన. నలుగురిని పిలిచి, చూసినమంటే పనికి రావద్దన్న.'

శారద మేడం ఫైలు వెనక్కి తిప్పి, 'మద్యం మత్తులో' అన్న మాట మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసింది. ఆ గీత సాగుతున్నంతసేపూ ఎంకయ్య దాన్నే చూశాడు. ఇక చాలనుకుంది నాగరాణి. ఇప్పుడు తన వాక్యం అనాలి. పదును పెట్టీ పెట్టీ మెరుస్తున్న వాక్యం. నాగరాణి నోరు తెరిచింది.

అంతలో రామ్‌కిషన్ రెండు చేతులతోనూ తుడిచాడు.

'వేళ్ళు దొరికినయి. మిషన్ కింద ట్రేల ఉన్నయి, నాలుగు. దవాఖానకు పంపితే కేసయితదని తుక్కు డ్రమ్ముల ఏసిన.'

గుమస్తా పెన్ను ఆగింది.

చెయ్యి తెగిన రోజు దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి మాట, వేళ్ళేవి? మంచులో పెట్టి తెండి, తొందరగా తెస్తే అతికించి చూస్తాం. మణెమ్మ చెప్పుల్లేకుండా షెడ్డుకు పరుగెత్తింది. మిషన్ చుట్టూ నేల మీద పాకి వెతికింది. ఏమీ లేవమ్మా, నుజ్జయి పోయి ఉంటాయని రామ్‌కిషనే ఆమెను లేపి పంపించాడు. పోయినవి పోయాయి అనుకుని ఆ ఇంట్లో ముగ్గురూ బతుకుతున్నారు.

నాగరాణికి తన వాక్యం గుర్తు రాలేదు. ఈ మాట తనకు తెలియకుండా ఉంటే బాగుండేదా, ఆ పొర తను పీకకుండా ఉంటే బాగుండేదా అని ఒక్క క్షణం అనిపించింది. తండ్రి వైపు తిరగడానికి భయమేసింది.

రామ్‌కిషన్ ముఖం చెమటలతో మెరుస్తోంది. గాజన్న మాట ఇప్పుడు గుర్తొచ్చి, జేబులోంచి రుమాలు లాగి తెర వైపు వంగాడు.

ఎంకయ్య లేచాడు. ఇరవై రెండేళ్ళలో ఏ యజమాని ముందూ గొంతెత్తని మనిషి, ఇప్పుడూ ఎత్తలేదు. కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీసి, బల్ల మీద, లాప్‌టాప్ పక్కన పెట్టాడు. మిగిలిన ఆ ఒక్క బొటనవేలితో రుమాలును మెల్లగా అవతలికి నెట్టాడు. శారద మేడం గుమస్తాకు ఇంకో కాగితం అందించింది.

"రుమాలు వద్దు సారూ," అన్నాడు ఎంకయ్య. "చేత్తోనే తుడువు. ఇంకేమేమున్నయో అన్నీ చూస్తం."